క్రెడిట్ స్కోరు బాగున్నా క్రెడిట్ కార్డు ఎందుకు రాలేదు?

(తెర మీద: చీకటి గదిలో ఫోను. మెసేజ్ వెలుగుతుంది.)

"మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం. మా అంతర్గత విధానాల ప్రకారం ఈ నిర్ణయం తీసుకున్నాం."

అంతే, రెండు ముక్కలు. చింతిస్తున్నాం అన్నారు సరే, దేనికి కాదన్నారో మాత్రం చెప్పలేదు. మీరు వెంటనే స్కోరు చూపించే యాప్ తెరిచారు. ముల్లు పచ్చ రంగు మీదే ఉంది. ఇన్నేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదు, ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదు. మరి ఎందుకు కాదన్నారు?

ఈ మెసేజ్ వచ్చిన చాలామంది రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తారు. కొందరు స్కోరే తప్పుల తడక అని తిట్టుకుంటారు. ఇంకొందరు అదే రాత్రి ఇంకో మూడు బ్యాంకులకు అప్లై చేస్తారు. రెండోది మొదటిదానికంటే ప్రమాదం. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు అసలు స్కోరు ఏ ప్రశ్నకు జవాబో చూద్దాం.

(తెర మీద: పాత కాగితం మీద "కాండక్ట్ సర్టిఫికెట్")

స్కోరంటే పాత ఆఫీసు ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ లాంటిది. ఈ మనిషి మా దగ్గర బుద్ధిగా పనిచేశాడు అంటుంది. కొత్త ఆఫీసులో ఖాళీ ఉందా, మీ చదువు ఆ పనికి సరిపోతుందా, మీరు అడిగిన జీతం వాళ్లు ఇవ్వగలరా అన్నవి అందులో ఉండవు. అది లేకపోతే లోపలికి రానివ్వరు. అది ఉన్నంత మాత్రాన ఉద్యోగమూ ఇవ్వరు.

అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరునే తీసుకోండి. ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో అది 1989లో వచ్చింది. అందులో 35 శాతం బరువు మీరు సమయానికి కట్టారా లేదా అన్నదానికి. 30 శాతం ఇప్పుడు ఎంత బాకీ ఉన్నారు, ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడేశారు అన్నదానికి. 15 శాతం మీ ఖాతాల వయసుకి. కొత్తగా తీసుకున్న అప్పులకు 10, రకరకాల అప్పులు ఉన్నాయా అన్నదానికి ఇంకో 10.

ఈ లెక్కలో మీ జీతం ఎక్కడైనా కనిపించిందా? లేదు. ఉద్యోగం? అదీ లేదు. నిన్న ఉద్యోగం పోయినా ఇవాళ మీ స్కోరు చెక్కు చెదరదు. జీతం రెట్టింపైనా ఒక్క పాయింటు పెరగదు. రాబోయే రెండేళ్లలో ఈ మనిషి ఏదో ఒక అప్పు మీద 90 రోజులకు మించి వెనకబడే అవకాశం ఎంత, అన్నది మాత్రమే ఆ అంకె చెప్పాలని చూస్తుంది. బ్యాంకుకు ఇంకా చాలా ప్రశ్నలు ఉంటాయి.

వాటిలో అన్నిటికంటే పెద్దది: ఇంకా కట్టే స్తోమత మిగిలి ఉందా?

ఒకాయన నెల జీతాన్ని వంద భాగాలు అనుకుందాం. ఇంటి అప్పుకు 35, బండి వాయిదాకు 12, పాత పర్సనల్ లోనుకు 8 పోతున్నాయి. అన్నీ టంచనుగా కడుతున్నాడు కాబట్టే స్కోరు బాగుంది. అన్నీ టంచనుగా కడుతున్నాడు కాబట్టే చేతిలో ఏమీ మిగలడం లేదు! ఒకే మంచి అలవాటు స్కోరు కాగితం మీద బలం, బ్యాంకు లెక్కలో బరువు. వాయిదాలకే సగానికి పైగా పోతున్న మనిషికి ఇంకో కార్డు ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. ఆ హద్దు ఎక్కడ గీయాలన్నది ఒక్కో బ్యాంకు ఇష్టం. అందుకే ఒకచోట కాదన్న అప్లికేషన్‌కు ఇంకోచోట సరే అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరు వాడని లిమిట్ కూడా బ్యాంకు కళ్లకు అప్పులాగే కనిపించవచ్చు. సొరుగులో మూడు కార్డులున్నాయి, వాటిని ముట్టుకోవడం లేదు, భేషుగ్గా ఉన్నాను అని మీరు అనుకుంటారు. బ్యాంకు మాత్రం ఈ మనిషి రేపు ఉదయం ఆ మూడూ గీకేస్తే నా నాలుగో కార్డు బిల్లు ఎక్కణ్ణుంచి కడతాడు అనుకుంటుంది. అలాగని పాత కార్డులన్నీ రద్దు చేసుకోమని నేను చెప్పడం లేదు. రద్దు చేస్తే మొత్తం లిమిట్ తగ్గి, వాడకం శాతం పెరిగి, స్కోరు దెబ్బతినే వీలుంది. రెండు పక్కలా పదునున్న కత్తి ఇది.

(తెర మీద: క్యాలెండర్. ఒక తేదీ చుట్టూ ఎర్ర గుండ్రం.)

వాడకం మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. పూర్తి బిల్లు గడువులోపే కట్టేస్తాను, నాకు బాకీ ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. కార్డుకు రెండు తేదీలు ఉంటాయి. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టడానికి గడువు ఇంకొకటి. బ్యూరోకు, అంటే అందరి అప్పుల చరిత్ర దాచి రిపోర్టు ఇచ్చే సంస్థకు, సాధారణంగా వెళ్లేది బిల్లు తయారైన రోజు ఉన్న అంకె. లిమిట్‌లో 90 శాతం వాడి, బిల్లు వచ్చాక మొత్తం కట్టేశారనుకోండి. వడ్డీ పైసా పడదు. కానీ ఫొటో తీసిన క్షణంలో మీరు పీకల్లోతు అప్పులో ఉన్నట్టే పడ్డారు. ఆ వారంలోనే కొత్త కార్డుకు అప్లై చేస్తే బ్యాంకు చూసేది ఆ ఫొటోనే. అప్లై చేసే ముందు నెలలో బిల్లు తయారు కాకముందే కొంత కట్టేయండి. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా చేసేవాళ్లు తక్కువ.

సరే, ఇప్పుడు ఆ "ఇంకో మూడు బ్యాంకుల" సంగతి. మీరు అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు మీ రిపోర్టు తెప్పించుకుంటుంది, ఆ ఎంక్వైరీ అక్కడ నమోదవుతుంది. అమెరికాలో అది రెండేళ్లు రిపోర్టులో కనిపిస్తుంది, ఫైకో మాత్రం చివరి 12 నెలలవే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క ఎంక్వైరీకి పోయేది కొద్ది పాయింట్లే, దానికి కంగారు అక్కర్లేదు. కానీ వారంలో నాలుగు ఎంక్వైరీలు వరసగా కనిపిస్తే చూసేవాడికి అనిపించేది ఒకటే: ఈ మనిషికి ఎక్కడో డబ్బుకు కటకటగా ఉంది. మిమ్మల్ని కాదన్నారన్న సంగతి రిపోర్టులో రాయరు. అడిగారన్న సంగతి మాత్రం రాస్తారు. నాలుగుసార్లు అడిగి ఒక్క కొత్త కార్డూ లేకపోతే మిగతాది ఎవరైనా ఊహించుకోగలరు.

మీ స్కోరు మీరే చూసుకుంటే తగ్గిపోతుందన్న భయం మాత్రం వదిలేయండి. అది వేరే రకం ఎంక్వైరీ, దానికి పాయింట్లు పోవు.

ఇంతకీ మీరు చూసిన స్కోరు, బ్యాంకు చూసిన స్కోరు ఒకటేనా?

ఇది చాలామందికి తట్టని ప్రశ్న. స్కోరు అనేది ఒకటి కాదు. మామూలు ఫైకో 300 నుంచి 850 వరకు ఉంటుంది. కార్డు కంపెనీల కోసం అదే సంస్థ తయారుచేసే ప్రత్యేకమైన స్కోరు 250 నుంచి 900 వరకు. అమెరికాలోని మూడు పెద్ద బ్యూరోలు కలిసి 2006లో తెచ్చిన వాంటేజ్‌స్కోరు ఇంకొకటి. ఇండియాలో సిబిల్ స్కోరు 300 నుంచి 900. ఒక్కో బ్యూరో దగ్గర ఒక్కో సమాచారం, పైగా అన్ని బ్యాంకులూ అన్ని బ్యూరోలకూ ఒకే రోజున వివరాలు పంపవు. యాప్‌లో మీరు చూసింది ఒక అద్దం, బ్యాంకు చూసింది ఇంకో అద్దం. దాదాపు ఒకేలా చూపిస్తాయి గానీ అచ్చంగా ఒకేలా కాదు. వీటన్నిటి మీద చాలా బ్యాంకులు తమ సొంత స్కోరు ఇంకోటి వేసుకుంటాయి. అది మీకు ఎప్పటికీ కనబడదు.

అంకె మంచిదే, వెనక సరుకు తక్కువ అన్న కేసులు కూడా ఉంటాయి. ఫైకో స్కోరు రావాలంటే కనీసం ఆరు నెలల వయసున్న ఒక ఖాతా ఉండాలి, గత ఆరు నెలల్లో ఏదో ఒక కదలిక బ్యూరోకు చేరి ఉండాలి. అంటే ఒక్క చిన్న లోను తీసుకుని ఏడెనిమిది నెలలు కట్టినవాళ్లకు కూడా అందమైన అంకె వచ్చేయవచ్చు. మార్కులు మంచివే, రాసింది మాత్రం ఒక్క పరీక్ష. పెద్ద లిమిట్ ఉన్న కార్డు అడిగితే బ్యాంకుకు నమ్మకం కుదరదు. దీనికి మందు కాలమే, ఇంకేం లేదు.

(తెర మీద: ఫారం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా.)

కొన్నిసార్లు స్కోరు దాకా కూడా వెళ్లరు. గుర్తింపు పత్రంలో పేరు ఒకలా, ఫారంలో ఇంకోలా. చిరునామా పాతది. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా. మీకు ఇది చిన్న పొరపాటు, మోసాలను పసిగట్టే కంప్యూటర్‌కు మాత్రం ఎవరో మీ పేరుతో అప్లై చేస్తున్నారేమోనన్న అనుమానం. అమెరికాలో అయితే కొందరు భద్రత కోసం రిపోర్టుకు తాళం వేయించుకుని ఆ సంగతే మర్చిపోతారు. తీరా అప్లై చేస్తే బ్యాంకుకు రిపోర్టు తెరుచుకోదు. ఇలాంటి వాటికి ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడక్కర్లేదు, సరిచేసి మళ్లీ అడిగితే చాలు.

పాత గొడవలు వేరే సంగతి. ఎప్పుడో ఒక బ్యాంకుతో బాకీ మొత్తం కట్టకుండా, కొంత కట్టి సెటిల్ చేసుకున్నారు. అది బ్యూరో రిపోర్టులోంచి కాలక్రమంలో చెరిగిపోయింది, మీ స్కోరు కోలుకుంది. కానీ ఆ బ్యాంకు సొంత పుస్తకాల్లో అది ఉండిపోవచ్చు. మీరు మర్చిపోయారు, వాళ్లు మర్చిపోలేదు. అక్కడే మళ్లీ అప్లై చేస్తే ఏ స్కోరూ కాపాడదు. వేరే తలుపు తట్టడం మేలు.

ఇక మీ తప్పు రవ్వంత కూడా లేని సందర్భం. 2008 ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు అమెరికాలో బాగా కడుతున్నవాళ్ల లిమిట్లు కూడా బ్యాంకులు కోసేశాయి. 2023 నవంబరులో భారత రిజర్వు బ్యాంకు, బ్యాంకులు ఇచ్చే క్రెడిట్ కార్డు బాకీల మీద రిస్క్ వెయిటేజీని 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, కార్డుల మీద అంతే అప్పు ఇవ్వడానికి బ్యాంకు మునుపటికంటే ఎక్కువ సొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి. అలాంటప్పుడు ఎవరికి ఇవ్వాలన్న గీత పైకి జరుగుతుంది. నిన్నటిదాకా గీతకు పైన ఉన్నవాళ్లు ఇవాళ కింద పడతారు. వాళ్లేమీ మారలేదు, గీత మారింది.

పూర్తి బిల్లు కట్టేవాళ్ల మీద బ్యాంకుకు వడ్డీ రాదు కాబట్టి వాళ్లను కావాలనే కాదంటారు అన్న మాట తరచూ వినిపిస్తుంది. నాకు ఇది పెద్దగా నమ్మబుద్ధి కాదు. మీరు కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నుంచి బ్యాంకుకు కొంత రుసుము ముడుతుంది. అస్సలు వాడనివాళ్ల వల్ల లాభం లేదన్నది నిజమే. కానీ వడ్డీ కట్టని ఒక్క కారణానికే మిమ్మల్ని తోసేశారు అనుకోవడం కంటే, పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి తగిలి ఉంటుందనే అనుకుంటాను.

ఏది తగిలిందో తెలుసుకునేదెలా? అడగాలి. అడిగే హక్కు చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో 1974లో వచ్చిన సమాన రుణావకాశాల చట్టం కింద, పూర్తి అప్లికేషన్ అందిన 30 రోజుల్లోపు బ్యాంకు తన నిర్ణయం చెప్పాలి. కాదంటే కారణం చెప్పాలి, లేదా కారణం అడిగే హక్కు మీకుందని చెప్పాలి. ఆ చట్టం కింద ఉన్న నిబంధన ఇంకా సూటిగా ఉంటుంది: "మా అంతర్గత విధానాలు" అన్నా, "మా స్కోరులో మీకు సరిపడా మార్కులు రాలేదు" అన్నా కారణం చెప్పినట్టు కాదు. మొదట్లో చూసిన ఆ మెసేజ్ అక్కడ చెల్లదన్నమాట. ఇండియాలో రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కార్డు నిరాకరిస్తే, ఆ నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫోను చేస్తే కాల్ సెంటర్‌లో ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు. ఈమెయిల్ పెట్టండి, రాతలో అడగండి, జవాబు దాచుకోండి.

కారణం చేతికొచ్చాక రిపోర్టు తెప్పించుకుని పక్కన పెట్టి చూడండి. అమెరికాలో బ్యాంకు మీ రిపోర్టు చూసి కాదంటే 60 రోజుల్లోపు అడిగితే అది ఉచితం. ఇండియాలో ప్రతి బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీది కాని లోను, తీరిపోయినా తెరిచే ఉన్నట్టు చూపిస్తున్న ఖాతా, వేరేవాళ్ల చిరునామా ఉంటే బ్యూరోకే ఫిర్యాదు చేయాలి. కారణం ఆదాయం అయితే, మీరు ఫారంలో రాయని ఇంకో ఆదాయం ఉంటే, అదే బ్యాంకును మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. కొన్ని బ్యాంకుల్లో ఇందుకు మనుషులే కూర్చుని ఉంటారు, కంప్యూటర్ కాదన్నదాన్ని వాళ్లు సరే అన్న సందర్భాలు ఉన్నాయి. అడిగే ముందు దీనికి మళ్లీ కొత్త ఎంక్వైరీ పడుతుందా అని ఒక్క మాట కనుక్కోండి.

చరిత్ర చాలదు అన్నదే కారణమైతే, డిపాజిట్ కట్టి తీసుకునే కార్డు ఒక దారి. బ్యాంకు డబ్బు మీ డబ్బుతోనే భద్రంగా ఉంటుంది కాబట్టి అంత పట్టింపు ఉండదు. అది బ్యూరోకు రిపోర్టు అవుతుందా లేదా అని మాత్రం ముందే అడిగి తీసుకోండి. రిపోర్టు అవ్వకపోతే ఆ కార్డు వాడినన్నాళ్లూ మీ చరిత్రలో ఒక్క అక్షరం కూడా పడదు.

(తెర మీద: ఈమెయిల్ విండో. విషయం: "నా దరఖాస్తు నిరాకరణకు కారణం తెలియజేయగలరు." కర్సర్ మెరుస్తూ ఉంటుంది.)