ఉపవాసానికి ముందు మాత్రల చీటీ

[తెరపై: గోడ గడియారం, పక్కనే మాత్రల డబ్బా]

నమస్కారం. మధ్యాహ్నం 12 గంటలకు మొదటి ముద్ద, రాత్రి 8 గంటలకు చివరి ముద్ద, మిగిలిన 16 గంటలూ మంచినీళ్లు, చక్కెర వేయని టీ. టైప్ 2 మధుమేహం ఉన్నవారు ఈ పద్ధతిని పాటించవచ్చా?

భోజనమైన కొన్ని గంటలకు కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ నిల్వ తరిగేకొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది.

2023లో వెలువడిన షికాగో అధ్యయనంలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 75 మంది మధుమేహులను ఆరు నెలల పాటు గమనించారు. ఎనిమిది గంటల వ్యవధిలోనే తిన్నవారికీ, రోజంతా కేలరీలు లెక్కపెట్టి పావు వంతు తగ్గించుకున్నవారికీ, మామూలుగా తిన్నవారితో పోలిస్తే, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ దాదాపు 0.9 శాతం పాయింట్ల చొప్పున తగ్గింది. అంటే గడియారంలో ప్రత్యేకమైన మహిమేమీ లేదు. అయినా ప్రతి ముద్దనూ లెక్కపెట్టలేని మనిషికి వేళ పాటించడం తేలిక కావచ్చు, అది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

[తెరపై: మందుల చీటీ]

అసలు జాగ్రత్త మందుల దగ్గరే మొదలవుతుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయమని క్లోమ గ్రంథిని ప్రేరేపిస్తాయి. కార్తీక సోమవారం నాడు నక్షత్ర దర్శనం వరకు ఏమీ తినకూడదని నిశ్చయించుకుని, పొద్దున మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నవారికి, సాయంత్రం చేతులు వణకడం, చల్లని చెమటలు పట్టడం, మాట తడబడడం మొదలైతే ఇంట్లోవాళ్లు దాన్ని ఉపవాసపు నీరసమనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి. చక్కెర 70 (ఎంజీ/డీఎల్) కన్నా తక్కువగా ఉంటే, లేదా మీటరు అందుబాటులో లేకపోతే, ఆలస్యం చేయకుండా మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇలా చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల ప్రమాదం వేరు. ఇవి వాడుతూ సుదీర్ఘంగా పస్తులుంటే, మీటరులో చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు పేరుకోవచ్చు కనుక, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే అంకె బాగానే ఉందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

టైప్ 1 మధుమేహులు, గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి ముదిరినవారు, లో షుగర్‌తో ఒకసారైనా స్పృహ తప్పినవారు సొంతంగా ఈ ప్రయోగం చేయవద్దు.

[తెరపై: గ్లూకోమీటరు]

రంజాన్ రోజాలు పాటించే మధుమేహులకు అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టమైన హద్దు గీశాయి: చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి, వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకోవడం వల్ల రోజా చెడదు. ఏ ఉపవాసానికైనా ఈ హద్దులను మనసులో ఉంచుకోండి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. మొదలుపెట్టడానికి కొన్ని రోజుల ముందే మందుల చీటీతో, ఇంట్లో రాసుకున్న చక్కెర అంకెలతో మీ వైద్యుణ్ని కలిసి, భోజనం వేళ మారితే ఏ మాత్ర ఏ వేళకు, ఎంత మోతాదులో వేసుకోవాలో రాయించుకోండి.