చప్పుడు చేయని బూట్లట! ప్రాణహిత ఒడ్డున నడిచి చూశాను

నమస్కారం. ఈ బూట్లు నేను కొన్నవి కావు, కంపెనీవాళ్ళు ఊరికే పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, బూట్లు తిరిగి అడగలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. బరువెంత, రంగులెన్ని, ధర ఎంత అన్నవి మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి పోను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'అడవిలో నిశ్శబ్దంగా' అని రాశారు చూడండి, నా గొడవంతా దానితోనే.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే, అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇటు గడ్చిరోలి టేకు అడవి. ఫిబ్రవరిలో టేకుచెట్ల కింద నడిచారా ఎప్పుడైనా? అది నేల కాదు, అప్పడాల బుట్ట. ఒక్కో ఆకు విస్తరంత ఉంటుంది. ఎండి, అంచులు ముడుచుకుని నేలకు ఆనకుండా లేచి ఉంటుంది. కాలు పెట్టగానే ముందు పగులుతుంది, తర్వాత నలుగుతుంది. ఒక్క అడుగుకు రెండు చప్పుళ్ళు! ఇక్కడ ఏ బూటూ ఏమీ చేయలేదు. తెల్లవారుజామున మంచుకు ఆకు మెత్తబడి ఉన్నప్పుడు వెళ్ళాలి, లేదంటే వాగు ఇసుక పట్టుకుని నడవాలి. అందుకే కంపెనీమీద జాలిపడి, మంచు ఆరకముందే వెళ్ళి చూశాను.

నేను వెళ్ళేది కెమెరాతో, బెట్టుడుత కోసం, అంటే చెట్లమీదుండే పెద్ద ఉడుత. మహారాష్ట్ర రాష్ట్ర జంతువు అదే. మా తాతయ్య వెళ్ళింది మాత్రం తుపాకితో. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, తుపాకి అటకెక్కింది. ఆయన నడక నాకు మిగిలింది. "కాలు వేయకురా, పెట్టు" అనేవారు. పాదం బయటి అంచు ముందు ఆనించాలి. నెమ్మదిగా లోపలికి వాల్చాలి. కింద పుల్ల తగిలితే, బరువు మోపకముందే కాలు వెనక్కి తీసుకోవాలి. మూడడుగులు వేసి ఆగాలి, తర్వాత రెండే వేసి ఆగాలి. ఒకే లయలో నడిస్తే మనిషి వస్తున్నాడని అడవికి చాటింపు వేసినట్టేనట.

ఈ నడకకు కావలసింది పలచని అడుగుభాగం. ఈ బూటుకేమో రెండు వేళ్ళ మందాన స్పాంజి వేశారు. పరుపు మీద నడిచినట్టు హాయిగా ఉంది, కాదనను. కానీ పుల్ల తగిలిందని నా కాలికి తెలిసేలోపే, అది విరిగిందని దుప్పికి తెలిసిపోయింది. ఒక్క కూత! మంద మొత్తం మాయం. అంతకుముందు నేను వాడినవి మామూలు గుడ్డ బూట్లు, సంతలో కొన్నవి. ముల్లు దిగుతుంది, నిజమే. కానీ కింద పుల్ల ఉందా రాయి ఉందా అన్నది పాదానికి తెలుస్తుంది. టైరు చెప్పులూ వాడి చూశాను. ముల్లు దిగదు కానీ, అడుగడుగునా మడమకు కొట్టుకుని చప్పట్లు కొడతాయి.

సరే, ఇదంతా నేను క్షమించేవాణ్ణే. అసలు మంట వేరే ఉంది. వాగు దాటి పది నిమిషాలైందో లేదో, కుడి బూటులో కిర్రు! ఎడమది బుద్ధిమంతురాలు. కుడిది మాత్రం అడుగు తీసిన ప్రతిసారీ కిర్రు. లోపలి అట్ట తడిసి బూటుకు రాసుకుంటోంది. మన పెద్దవాళ్ళు పనిగట్టుకుని కిర్రు చెప్పులు కుట్టించుకునేవారు, దొరగారు వస్తున్నారని వీధికి తెలియాలని. ఆ ముచ్చట వీధిలో తీర్చుకోవాలి గానీ, నిశ్శబ్దం పేరుతో అమ్మే బూటులోనా? చెట్టుపైన బెట్టుడుత నాకేసి చూసింది. తోక ఒకసారి విదిలించి, కొమ్మ అవతలికి తప్పుకుంది. నా దగ్గరున్న ఫొటో ఇదిగో, తోక చివర మాత్రమే.

రాళ్ళమీద పట్టు బాగుంది. నాచు పట్టిన బండపైన కూడా కాలు జారలేదు. కొండలెక్కేవాళ్ళు కొనుక్కోండి. చప్పుడు చేయకూడదనుకునేవాళ్ళకు మాత్రం వద్దు, వద్దంటే వద్దు.

కంపెనీకి ఫోను చేస్తే, లోపల కొంచెం టాల్కం పౌడరు చల్లమన్నారు. చల్లాను. నిజం చెప్పాలి, రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజు మంచుకు పౌడరు ముద్దకట్టి, కిర్రు మళ్ళీ మొదలైంది. పైగా ఇప్పుడు నా కాళ్ళు గుమగుమలాడుతున్నాయి. గాలి నా వెనకనుంచి వీచిందంటే, కిర్రు వినకముందే దుప్పులకు మల్లెపూల వాసన అందుతోంది.