వడ్ల బస్తాల గదిలో మా తొలి రికార్డింగు

[దృశ్యం: నల్లగొండ శివారులో ఒక ఇంటి వెనుక గది. గోడల వెంట నిలువెత్తున వడ్ల బస్తాలు.]

నమస్కారం. మా చాంబర్ రాక్ బృందం తొలి పాట ఈ గదిలోనే రికార్డయింది. వయొలిన్, చెల్లో, పియానో వంటి వాద్యాలను గిటారుకూ డ్రమ్ములకూ సమాన హోదాలో నిలిపే సంగీతాన్ని చాంబర్ రాక్ అంటారు. అమెరికాలోని లూయీవిల్ నగరంలో గిటారిస్టు జేసన్ నోబుల్, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన తంత్రీవాద్యం) వాద్యకారుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్‌సన్, పియానిస్టు రేచెల్ గ్రైమ్స్ కలిసి నడిపిన ‘రేచెల్స్’ బృందం 1995లో ‘హ్యాండ్‌రైటింగ్’ ఆల్బమ్‌ను వెలువరించింది. మా నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టింది ఆ ఆల్బమే.

మొదటి చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ తంత్రులను జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తారు. కర్ణాటక పద్ధతిలో స-ప-స-ప. గాయనులకు పక్కవాద్యం వాయించే మా అక్క వయొలిన్ ఎప్పుడూ ఐదు శ్రుతిలో, అంటే ‘జి’లో ఉండేది. గిటారు నిండుగా మోగేది ‘ఇ’లో, అంటే మన లెక్కలో మూడు శ్రుతి. అక్క తంత్రులు దించుకున్నారు. తంత్రి వదులైన కొద్దీ నాదం బరువెక్కింది, మా పాటకు కావలసిన గొంతు అక్కడే దొరికింది.

[దృశ్యం: డ్రమ్ముల మీద పరిచిన తువ్వాలు, పక్కనే సన్నని పుల్ల.]

అసలు కష్టం డ్రమ్ములది. వాటి మోతలో వయొలిన్ మునిగిపోయేది. అందరం ఒకే గదిలో ఒకేసారి వాయించాలని పట్టుబట్టాం, ఎందుకంటే విడివిడిగా రికార్డు చేసి అతికిస్తే ఒకరి ఊపిరి మరొకరికి అందదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) తగ్గుతుంది. ఆ లెక్కన మైకుకు 1 మీటరు దూరంలో వయొలిన్‌ను, 4 మీటర్ల దూరంలో డ్రమ్ములను ఉంచితే 12 డెసిబెల్స్ కలిసిరావాలి. మూసిన గదిలో గోడల ప్రతిధ్వని ఆ లాభాన్ని మింగేస్తుంది. బస్తాలు పేర్చింది అందుకే. అయినా చాలలేదు. చిన్ననాటి నుంచి డప్పు కొట్టిన మా తమ్ముడు చివరకు డ్రమ్ము కర్రలు పక్కన పెట్టి, డప్పుకు వాడే సిటికెన పుల్లతో, తువ్వాలు కప్పిన డ్రమ్ము మీద వాయించాడు. వయొలిన్ మొదటిసారి స్పష్టంగా వినబడింది.

ఫ్యాను ఆపేసి, పక్క చేను రైతును బతిమాలి బోరు మోటారు ఆపించి, చెమటలు కారుతుండగా రాత్రంతా వాయించాం. ఐదోసారి వాయించిన టేకు నిలిచింది.

[దృశ్యం: రికార్డరు మీద వెలిగే ఎర్రదీపం.]

ఇప్పుడు ఆ టేకును ఎక్కడా కత్తిరించకుండా వినిపిస్తున్నాను. రెండో చరణం దగ్గర పుల్ల చప్పుడును గమనించండి.