ఏఐ 82 శాతం వచ్చిందంటే ఆ రిపోర్టు ఏఐ రాసినట్టేనా?

నమస్తే. నేరుగా విషయంలోకి వస్తాను. దీని మీద నాకు చాలా రోజులుగా కోపంగా ఉంది.

"నీ రిపోర్టులో ఏఐ 82 శాతం వచ్చింది. మళ్లీ రాసుకురా."

నెల్లూరులోనూ ఒంగోలులోనూ డిగ్రీ పిల్లలు, బీటెక్ పిల్లలు ఈ మాట వింటున్నారు. ఈ మాట అనే లెక్చరర్లు చెడ్డవాళ్లేమీ కారు. బల్ల మీద రిపోర్టులు గుట్టగా పడి ఉంటాయి. సగం రిపోర్టులు ఒకే మనిషి రాసినట్టు అనిపిస్తాయి. అనుమానం వచ్చి నెట్‌లో ఉచితంగా దొరికే డిటెక్టర్‌లో, అంటే ఏఐ రాసిందో మనిషి రాశాడో చెప్తానంటే నమ్మే టూల్‌లో వేస్తే, అది ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకు అర్థం ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ అదే చెప్తాను.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. కనిగిరి వైపు పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఒంగోలులో డిగ్రీ, ఇంగ్లీషు మీడియం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి సొంత ఊళ్లోనే తాగునీటి మీద సర్వే చేసింది. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ ఎలాంటిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. ఏ బోరు నీళ్లు తాగుతున్నారు, క్యాన్ నీళ్లు కొంటున్నారా, పిల్లల పళ్ల మీద మచ్చలున్నాయా, పెద్దవాళ్లకు కీళ్లు పట్టేశాయా, అన్నీ అడిగి రాసుకుంది. బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించింది. తనకు వచ్చిన ఇంగ్లీషులో రిపోర్టు రాసింది. డిటెక్టర్ 82 అంది.

అదే క్లాసులో ఒక అబ్బాయి. ఊళ్లో అడుగు పెట్టలేదు. "వంద ఇళ్ల సర్వే టేబుల్ తయారుచేసి ఇవ్వు" అని చాట్‌జీపీటీని అడిగాడు, ఇచ్చింది. ఏఐ రాసినట్టు కనపడకుండా మాటలు మార్చే ఇంకో టూల్ ఉంటుంది, హ్యూమనైజర్ అంటారు. దాంట్లో వేసి తీశాడు. డిటెక్టర్ 6 అంది.

అబ్బాయికి మార్కులు పడతాయి. అమ్మాయి రిపోర్టు వెనక్కి వస్తుంది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

(స్క్రీన్ మీద: "సిమిలారిటీ శాతం" ఒక పక్క, "ఏఐ శాతం" ఇంకో పక్క)

గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. కాలేజీలకు సిమిలారిటీ శాతం, అంటే ఇంతకుముందే ఉన్న రాతలతో ఎంత పోలిక ఉందన్న లెక్క, ముందునుంచీ అలవాటు. యూజీసీ 2018లో ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతను కాపీ కొట్టడం మీద రెగ్యులేషన్స్ తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్క అందరి బుర్రలో నాటుకుపోయింది. ఏఐ శాతం వచ్చేసరికి దాన్నీ ఇదే లెక్కలో చూస్తున్నారు.

రెండూ ఒకటి కావు. సిమిలారిటీ రిపోర్టులో ఒక వాక్యం ఎర్రగా కనిపిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే లింకు ఉంటుంది. తెరిచి, రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి మీ కళ్లతో మీరే పోల్చుకోవచ్చు. ఏఐ శాతానికి అలా తెరిచి చూడడానికి ఏమీ లేదు. అది ఒక అంచనా.

ఇంకా తేలిగ్గా చెప్తాను. ఫ్లోరైడ్‌కి రుచి లేదు, వాసన లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఆ గీత దాటిందో లేదో తెలియాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయాలి. ఎవరైనా గ్లాసు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి, "ఇందులో ఫ్లోరైడ్ 82 శాతం ఉంది" అంటే మీరు ఆ బోరు మూయించేస్తారా? డిటెక్టర్ చేసే పని అదే. రిపోర్టు రుచి చూసి చెప్తుంది. సిమిలారిటీ రిపోర్టు మాత్రం ఈ నీళ్లు ఫలానా బోరువి అని వేలు పెట్టి చూపిస్తుంది.

మరి డిటెక్టర్ ఏ రుచి చూస్తుంది? చాలా డిటెక్టర్లలో పని ఇలా జరుగుతుంది. ఒక్కో మాట దగ్గర ఆగి, "దీని తర్వాత ఏ మాట వస్తుందో నేను ఊహించగలిగానా?" అని చూసుకుంటుంది. ఊహించిన మాటలే వరసగా వస్తుంటే ఏఐ అంటుంది. ఊహకు అందని మాటలు మధ్యమధ్య తగులుతుంటే, ఒక వాక్యం పొడుగ్గా ఒకటి పొట్టిగా ఉంటే, మనిషి అంటుంది. చాట్‌జీపీటీ లాంటి టూల్స్ రాయడం కూడా తర్వాత రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న మాటను ఎంచుకుంటూనే రాస్తాయి కాబట్టి ఈ పద్ధతి పెట్టారు. అందులో తర్కం ఉంది, కాదనను.

ఇప్పుడు మన అమ్మాయి ఇంగ్లీషు చూడండి. "వాటర్ ప్లేస్ ఎ వైటల్ రోల్ ఇన్ హ్యూమన్ లైఫ్." ఈ వాక్యం రాయకుండా మన జిల్లాల్లో ఎవరైనా ఇంటర్ పాసయ్యారా? గైడుల్లో ఉండేది అదే, సార్లు బోర్డు మీద రాసేది అదే, పరీక్షలో మార్కులు తెచ్చేది అదే. ఆ అమ్మాయికి వచ్చిన మాటలు కొన్నే. తప్పు పోతుందేమోనన్న భయంతో తెలిసిన వాక్యాలే జాగ్రత్తగా, ఒకే కొలతలో రాస్తుంది. అలాంటి రాత ఊహకు ఇట్టే అందుతుంది. డిటెక్టర్ 82 అంటుంది. నిజానికి అది కొలిచింది ఆ అమ్మాయి ఇంగ్లీషు ఎలా నేర్చుకుందన్నది.

ఇది నా సొంత అభిప్రాయం అనుకోకండి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలు ఇచ్చారు. అన్నీ మనుషులు రాసినవే. వాటిలో సగటున 61 శాతం ఏఐ రాసిందని డిటెక్టర్లు తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలు ఇస్తే దాదాపు అన్నీ మనుషులవే అన్నాయి. ఆ టోఫెల్ వ్యాసాలనే చాట్‌జీపీటీకి ఇచ్చి మాటలు సానబట్టించి మళ్లీ వేస్తే, ఏఐ అని పడే ముద్ర బాగా తగ్గిపోయింది. అంటే ఏఐ చెయ్యి పడ్డాకే అవి మనుషుల రాతలా కనిపించాయి! మన అబ్బాయి 6 గుర్తుంది కదా? అది ఇలా వచ్చిందే.

చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి విడుదల చేసింది. వాళ్ల పరీక్షలోనే అది ఏఐ రాతల్లో 26 శాతమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతం మీద ఏఐ ముద్ర వేసింది. సరిగ్గా పనిచేయడం లేదని జులైలో వాళ్లే తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ, కాలేజీలు వాడే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ డిటెక్టర్‌ను ఆపేసింది. వాళ్లు వేసిన లెక్క చూడండి: ఏడాదికి 75,000 పేపర్లు, తప్పు ఒక్క శాతమే అనుకున్నా 750 పేపర్ల మీద అన్యాయంగా నింద పడుతుంది.

ఒక్క శాతమేగా అనిపిస్తుంది. ఆ ఒక్కరు మీ ఇంటి పిల్ల అయితే?

ఇంకొందరు ఏం చేస్తారంటే, రిపోర్టును తీసుకెళ్లి చాట్‌జీపీటీలోనే పెట్టి "ఇది నువ్వు రాశావా?" అని అడుగుతారు. దయచేసి ఈ పని చేయకండి. తను ఎవరెవరికి ఏం రాసిచ్చిందో వెతికి చూసి చెప్పే ఏర్పాటు దానికి లేదు. అడిగిన తీరుకు సరిపోయే జవాబు ఒకటి అల్లి ఇస్తుంది. 2023 మేలో టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు ఇలాగే అడిగి, అది అవునంటే నమ్మి, క్లాసు పిల్లల గ్రేడ్లు ఆపేశారు. పెద్ద గొడవైంది.

సరే, మరి ఎలా పట్టుకోవాలి? నిజంగా మోసం చేసేవాళ్లు ఉన్నారు, చాలామందే ఉన్నారు. వాళ్లను వదిలేయమని నేను అనడం లేదు. బోరు దగ్గరికి వెళ్లమంటున్నాను.

(స్క్రీన్ మీద: సర్వే కాగితం, పక్కన ప్రశ్నలు)

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తెలుగులో అడగండి. తెలుగులో అన్న మాట ముఖ్యం. ఇంగ్లీషులో అడిగితే మళ్లీ ఇంగ్లీషునే పరీక్షించినట్టవుతుంది. "ఏ బోరు నీళ్లు పట్టావమ్మా?" "రామాలయం వెనక చేతిపంపు, మేడమ్." "మూడో టేబుల్లో పదకొండు ఇళ్లకు జవాబు లేదేం?" "వాళ్లు మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయారు, మేడమ్, తాళాలు వేసున్నాయి." ఈ జవాబు చాట్‌జీపీటీ దగ్గర ఉండదు. అక్కడికి వెళ్లినవాళ్ల దగ్గరే ఉంటుంది. తర్వాత అబ్బాయిని అవే ప్రశ్నలు అడగండి. వంద ఇళ్లకు వంద జవాబులు ఎలా వచ్చాయి, ఒక్క ఇంటికీ తాళం లేదా, ల్యాబ్ రసీదు ఏది, సర్వే కాగితాలు ఏవి. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

అందరికీ వైవా పెట్టడానికి టైం ఎక్కడిది అంటారు. న్యాయమైన మాట. ఒక్కొక్కరికి మూడు ప్రశ్నలు చాలు, అవీ వాళ్ల సొంత డేటా మీద. ఇంకా మేలైన దారి, ప్రాజెక్టు మధ్యలోనే సర్వే కాగితాలు ఒకసారి తెప్పించుకుని తేదీ వేసి సంతకం పెట్టడం. చివర్లో అనుమానపడే పని చాలావరకు తగ్గుతుంది.

ఇక పిల్లలు ఏఐని అసలు ముట్టుకోకూడదా? నా ఉద్దేశంలో ముట్టుకోవచ్చు. మన అమ్మాయి తన వాక్యాల్లో గ్రామర్ తప్పులు చూపించమని అడిగితే, ఫ్లోరోసిస్ అంటే ఏమిటో తెలుగులో వివరించమని అడిగితే, అది చదువే. తను సేకరించని డేటాను పుట్టించమని అడిగితే అది మోసం. గీత అక్కడ గీయండి. రిపోర్టు చివర నాలుగు లైన్లు రాయించండి: ఏ టూల్ వాడాను, దేనికి వాడాను, అది ఇచ్చినదాన్ని దేనితో సరిచూసుకున్నాను. నిజం రాసినవాళ్లకు మార్కులు కోయకండి. ఒకసారి కోశారంటే వచ్చే ఏడాది ఎవరూ రాయరు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

రిఫరెన్సులు. ఏఐ ఇచ్చిన పుస్తకం పేరు, పేపర్ పేరు లైబ్రరీలోనో గూగుల్ స్కాలర్‌లోనో కనపడే దాకా నమ్మకండి. పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ చక్కగా ఉంటాయి, పేపర్ మాత్రం ఉండదు. న్యూయార్క్‌లో లాయర్లు ఇలా లేని కేసులను కోర్టులో చూపించి 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది.

లెక్చరర్లకు ఒక మాట. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, మార్కుల జాబితాలు ఈ టూల్స్‌లో పెట్టకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. క్వశ్చన్ పేపర్ ఏఐతో తయారు చేసుకుంటే ప్రతి ప్రశ్నకూ ముందు మీరే జవాబు రాసి చూడండి. మార్కులు వేసే పని మాత్రం దానికి వదలకండి.

చివరగా, రిపోర్టు ఇప్పటికే వెనక్కి వచ్చినవాళ్లకు. ఏడవకండి, లెక్చరర్‌తో గొడవ పడకండి. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ తెరవండి, ఏ రోజు ఏం రాశారో అందులో కనిపిస్తుంది. వర్డ్‌లో రాసినవాళ్లు పాత ఫైళ్లు వెతకండి. చేత్తో నింపిన సర్వే కాగితాలు, ల్యాబ్ రిపోర్టు, ఊళ్లో తీసిన ఫోటోలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి తెలుగులోనే ఒక అర్జీ రాయండి: "ఈ రిపోర్టు నేనే రాశాను, ఆధారాలు జతచేశాను, దీని మీద నన్ను ఏ ప్రశ్నయినా అడగండి, పది నిమిషాలు టైం ఇవ్వండి." రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.