వంకాయ రంగా, వంకాయ పువ్వు రంగా? ముందు బల్బు చూడండి

[చేతిలో షేడ్ కార్డు]

నమస్కారమండీ, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. మనం వంగపండు రంగు అంటాం, మా రంగుల మిస్త్రీ ఒడియాలో ‘బైగణీ’ అంటాడు. ఏ భాషలో చూసినా వంకాయే! కానీ నిగనిగలాడే కాయ రంగా, లేత పువ్వు రంగా? మా ఇంట్లో వారం రోజులు ఇదే గొడవ.

[మధ్యగది]

పాత వీధుల్లో ఇళ్ళు తెలుసుగా, అటూ ఇటూ పక్కింటి గోడలే. వెలుతురు వీధి గుమ్మంలోంచో పెరట్లోంచో రావాలి. “చీకటి గదికి లేత రంగే వెయ్యాలి” అన్నారు మా అత్తయ్యగారు. వేయించాం. పగలు బాగానే ఉంది. రాత్రి పసుపు బల్బు వేసేసరికి గోడ పాలిపోయి బూడిద పూసినట్టయింది.

పసుపూ ఊదా ఎదురెదురు రంగులు. పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ, ఊదాకేమో ఆ నీలమే ప్రాణం. లేత రంగులో ఊదా ఉండేదే చిటికెడు, అదీ పోతే ఇంకేం మిగులుతుంది? వెలుగు రంగుని కెల్విన్‌లలో చెబుతారు. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుగు. 6500 అయితే తెల్లటి ట్యూబ్‌లైట్ వెలుగు, దాని కింద లేత ఊదా నీలంలోకి జారుతుంది. మళ్ళీ పెయింట్ ఖర్చెందుకని 4000 బల్బు పెట్టాను. కుదిరింది.

ముదురు రంగు వెలుగుని మింగేస్తుంది. ఇలాంటి గదిలో నాలుగు గోడలకీ వేస్తే గుహే. మంచం తలవైపు ఒక్క గోడకైతే నాకిష్టమే. కాకపోతే ఖర్చు చూసుకోండి. లేత రంగు కలిపే తెల్ల బేస్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి దండిగా ఉంటుంది, కింది గోడని కప్పేస్తుంది. ముదురు రంగుల బేస్‌లో అది తక్కువ. రెండు కోట్లు వేసినా పాత రంగు తొంగిచూడొచ్చు, మూడోది పడుతుంది. ముందు బూడిదరంగు ప్రైమర్ వేయిస్తే కొంత నయం. పైగా మెరుపు లేని మ్యాట్ ఫినిష్ అయితే పిల్లలు గోరుతో గీకినా తెల్లగీత పడుతుంది.

షేడ్ కార్డులో ఆ చిన్న ముక్క చూసి మాత్రం డబ్బా కొనకండి. గదంతా వేశాక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి మరింత చిక్కగా కనిపిస్తుంది. శాంపిల్ రంగు తెచ్చి, రెండడుగుల అట్టకి రెండు కోట్లు వేసి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి.

[అట్ట గోడకి ఆనించి]

ఇదిగో, పసుపు బల్బు. ఆర్పేశాను. ఇప్పుడు 4000 వేస్తున్నా... అట్ట అదే, కదిలించలేదు. చూశారా?