నింజా 650కి లావు టైరు: 160 తీసేసి 180 వేయొచ్చా?

[దృశ్యం: వెనక నుంచి బండి. కెమెరా నెమ్మదిగా టైరు దగ్గరికి వస్తుంది.]

నమస్తే అండీ. కవాసాకి నింజా 650 బైకు ఉన్నవాళ్లు వెనక టైరు అరిగిపోగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఎలాగూ మారుస్తున్నాం కదా, 180 వేయిద్దామా?" వెనక నుంచి చూస్తే బండి నిండుగా ఉంటుందని, శ్రీశైలం ఘాట్‌లో పట్టు పెరుగుతుందని ఆశ. నేనైతే వద్దనే అంటాను. ఎందుకో బండి దగ్గరే చూద్దాం.

[క్లోజప్: తడిగుడ్డతో రిమ్ము తుడుస్తున్న చెయ్యి. పోత అక్షరాలు బయటపడతాయి.]

ముందు చూడాల్సింది టైరు కాదు, రిమ్ము. ఇక్కడ మట్టి తుడిస్తే "17 ఎం/సి ఎంటీ 4.50" అని కనిపిస్తుంది. అంటే వ్యాసం 17 అంగుళాలు, వెడల్పు నాలుగున్నర అంగుళాలు. కంపెనీ ఇచ్చిన 160/60 టైరుకి (అంటే వెడల్పు 160 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం) సరిగ్గా సరిపోయే వెడల్పు ఇది. 180/55 టైరు ఆకారాన్ని మాత్రం 5.5 అంగుళాల రిమ్ముని లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు.

[బోర్డు మీద బొమ్మ: ఒకే టైరు, రెండు రిమ్ముల మీద అడ్డకోత.]

ఈ ఒక్క అంగుళం తేడాతోనే అసలు చిక్కు. వెడల్పు రిమ్ము టైరుని ఇరుకు రిమ్ములో బిగిస్తే పక్కగోడలు రెండూ లోపలికి వచ్చేస్తాయి, టైరు నడుమ పైకి లేస్తుంది. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన మీరు 180కి డబ్బు కట్టినా, బండి మీద కొలిస్తే 170 దగ్గరే ఉంటుంది. పైగా ఆకారం చెడింది. హైవే మీద నిటారుగా పోయేటప్పుడు నడిమి గీత మీదే భారం పడి అక్కడే తొందరగా అరుగుతుంది. ఒరిగించినప్పుడు అంచు దాకా రబ్బరు రోడ్డుకి ఆనదు. మెత్తగా ఒరగాల్సిన బండి ఒక్కసారిగా పడినట్టు వాలుతుంది.

పట్టు సంగతి కూడా చెప్పాలి. టైరు రోడ్డుకి ఎంత మేర ఆనుతుందన్నది ప్రధానంగా దాని మీద పడే బరువు, లోపలి గాలి ఈ రెండే తేలుస్తాయి. వెడల్పు పెంచితే ఆ మచ్చ ఆకారం మారుతుంది గానీ విస్తీర్ణం పెద్దగా పెరగదు. దానికి తోడు, లావు టైరుతో అదే మలుపుని అదే వేగంతో తిరగాలంటే బండిని ఇంకాస్త ఎక్కువ వాల్చాలి. చక్రం బరువెక్కితే దిశ మార్చడానికి హ్యాండిల్ మీద జోరు కూడా ఎక్కువ పెట్టాలి. మంచి పట్టు కావాలంటే అదే 160/60లో మెరుగైన రబ్బరున్న టూరింగ్ టైరు తీసుకోండి. ఆ డబ్బుకి నిజంగా ఫలితం కనిపిస్తుంది.

[క్లోజప్: చైన్‌కీ టైరుకీ మధ్య 5 మి.మీ. ఎలెన్ కీ.]

సరే, "170 అయినా వేస్తాను" అనేవాళ్లున్నారు. 170/60 విషయం వేరు. బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్ 2013 మోడల్ నుంచి 4.5 అంగుళాల రిమ్ము మీద అదే సైజుతో వచ్చింది. అంటే రిమ్ముకి పేచీ లేదు, చోటుకే పేచీ. 160/60 మొత్తం ఎత్తు (చక్రం వ్యాసం) లెక్కకి సుమారు 624 మి.మీ., 170/60 ఎత్తు 636. బండి వెనక 6 మి.మీ. లేస్తుంది, టైరు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) వైపు కూడా అంతే జరుగుతుంది. అందుకే ఇలా ఎలెన్ కీ పెట్టి చూడండి: చైన్ వైపు, స్వింగార్మ్ లోపలి అడ్డపట్టీ దగ్గర, హగ్గర్ (టైరుని ఆనుకుని ఉండే చిన్న మడ్‌గార్డ్) కింద. చక్రాన్ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ చూడాలి, ఒక్కచోట చూసి వదిలేయకూడదు. వేగం పెరిగితే టైరు కాస్త ఉబ్బుతుంది. కొత్త చైన్ వేసినప్పుడు ఇరుసు ముందుకు జరుగుతుంది, అప్పుడు చోటు ఇంకా తగ్గుతుంది. ఎలెన్ కీ ఎక్కడైనా బిగుతుగా దూరుతుంటే ఆలోచన మానుకోండి.

[దృశ్యం: నింజా 1000 ఎస్ఎక్స్ వెనక చక్రం.]

నింజా 1000 ఎస్ఎక్స్ వాళ్లకి ఇంకో దారి ఉంది. దాని 6 అంగుళాల రిమ్ము మీద వచ్చేది 190/50. చాలామంది 190/55కి మారతారు. వెడల్పు అదే, ఎత్తు మాత్రం 622 నుంచి 641 మి.మీ.కి పెరుగుతుంది. వెనక తొమ్మిదిన్నర మి.మీ. లేవడంతో బండి మలుపులోకి చురుగ్గా దిగుతుంది. టూరింగ్ బండికి నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. అయితే గేరింగ్ సుమారు 3 శాతం పొడవవుతుంది (ఇంజిన్ ఒక్క చుట్టుకి బండి అంత ఎక్కువ దూరం పోతుంది), సైడ్ స్టాండ్ మీద బండి ఇంకొంచెం ఎక్కువ వాలుతుంది. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ముందు, వెనక చక్రాల వేగాన్ని పోల్చి చూస్తుంది కాబట్టి, మార్చే ముందు సర్వీస్ సెంటర్‌లో ఒక మాట అడగండి.

[క్లోజప్: టైరు పక్కగోడ మీద "73డబ్ల్యూ".]

సైజు పక్కనున్న ఈ గుర్తు కూడా వదలొద్దు. 73 అంటే 365 కిలోల దాకా మోయగలదు, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల వేగం దాకా. పెట్టెలు, వెనక మనిషి, సామాను అన్నీ ఎక్కే బండికి కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎప్పుడూ వేయొద్దు.

టైరు బిగించాక బ్యాలెన్సింగ్ చేయించండి, చైన్ వదులు మళ్లీ చూసుకోండి. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మెల్లగా నడపండి, కొత్త రబ్బరు జారుతుంది. మీ బండి రిమ్ము మీదున్న అంకెలు కింద కామెంట్లలో రాయండి. దానికి ఏ సైజు పడుతుందో చెబుతాను.