అందరినీ అడిగానని చెప్పండి

శ్రోతలకు నమస్కారం.

1945 ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి గొంతు ఆ దేశపు రేడియోలో వినిపించింది. తాము యుద్ధం విరమిస్తున్నామని ఆయన ప్రజలకు తెలియజేశారు. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో లంగరు వేసిన ఒక అమెరికా యుద్ధనౌక మీద లొంగుబాటు పత్రాలపై సంతకాలు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం కథను మనం సాధారణంగా అక్కడితో ఆపేస్తాము. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది మాత్రం యుద్ధం ముగిసిన ఆ తేదీకీ, దూరదేశంలో ఉన్న సిపాయి తిరిగివచ్చి తన ఇంటి గడప తొక్కిన తేదీకీ నడుమ గడిచిన కాలాన్ని గురించి.

1939లో సుమారు 2 లక్షలు ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు చేరింది. ఆ సైన్యంలో నిర్బంధంగా చేర్చుకున్న వారెవరూ లేరు. అయితే కరువూ, అప్పులూ, చేతికి పని దొరకకపోవడమూ చేసిన నిర్బంధం తక్కువది కాదు. మన వాళ్లు దానిని 'దండులో చేరడం' అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి సాపర్లుగా (వంతెనలూ దారులూ వేసేవారుగా), పయనీర్లుగా (సైన్యపు కూలిపని చేసేవారుగా), లారీ డ్రైవర్లుగా చేరిన వారు ఎందరో ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని నేటికీ 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు. హైదరాబాద్ సంస్థానపు పదాతిదళం ఒకటి 1941 డిసెంబరులో, జపాను సేనలు మలయాలో అడుగుపెట్టిన రాత్రి, కోట భారు విమానాశ్రయం దగ్గర కాపలాలో ఉంది.

యుద్ధం ముగిసిన మరునాడే వీరందరూ ఇంటిదారి పట్టి ఉంటారని మనం అనుకుంటాము. అలా జరగలేదు. ఓడలు చాలలేదు. ఉన్న ఓడలలోనే చెరనుంచి విడుదలైన వారు, రోగులు, గాయపడిన వారు, స్వదేశాలకు పంపవలసిన జపాను సైనికులు ప్రయాణం చేయవలసి వచ్చింది. అంతకంటె బాధాకరమైన కారణం మరొకటి ఉంది. యుద్ధం ఆగిన చోట కొత్త పనులు పుట్టుకొచ్చాయి, ఆ పనులకు భారత సిపాయిలనే పంపించారు. ఒక డివిజను వియత్నాంలోని సైగాన్‌కు వెళ్లింది. మరికొన్ని దళాలు ఇండొనేషియాలోని జావా దీవికి వెళ్లాయి. 1946లో ఒక భారతీయ బ్రిగేడు, బ్రిగేడియర్ తిమ్మయ్య నాయకత్వాన, జపానుకే కాపలాగా వెళ్లింది.

జావా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జపాను వారు రాకముందు డచ్చి వారి ఏలుబడిలో ఉన్న ఇండొనేషియా 1945 ఆగస్టు 17న తనకు తాను స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అక్టోబరు 25న సురబాయ రేవులో దిగిన 49వ భారత బ్రిగేడు మూడు రోజులు తిరగకుండానే నగరవీధులలో పోరులో చిక్కుకుంది. 30న దాని బ్రిగేడియరే హతుడయ్యాడు. నవంబరు 10న మొదలైన పెద్ద యుద్ధాన్ని స్మరించుకుంటూ ఇండొనేషియా ఆ తేదీని నేటికీ వీరుల దినంగా పాటిస్తోంది. తన దేశానికి ఇంకా రాని స్వాతంత్ర్యాన్ని అప్పుడే చేజిక్కించుకుని కాపాడుకుంటున్న ప్రజల మీదికి మన సిపాయి తుపాకి ఎత్తవలసి వచ్చింది. ఇందుకు మన సైనికులను వాడుకోవద్దని నెహ్రూ బహిరంగంగా నిరసించారు. అయినా చివరి భారత దళాలు జావా వదిలింది 1946 నవంబరులో. యుద్ధం ముగిసిందని ఇంటి దగ్గర దేవుడికి కొబ్బరికాయ కొట్టిన తరువాత చనిపోయిన వారు వందల సంఖ్యలో ఉన్నారన్న మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలచివేసినట్లు అవుతుంది.

ఈ ఎదురుచూపు మన వాళ్లది మాత్రమే కాదు. అమెరికా సైన్యంలో ఎవరు ముందు ఇంటికి వెళ్లాలో తేల్చడానికి పాయింట్ల లెక్క పెట్టారు. సర్వీసులో గడిపిన ప్రతి నెలకూ ఒక పాయింటు, అందులో విదేశంలో గడిపిన ప్రతి నెలకూ మరొకటి, పోరాటాలకు, పతకాలకు అయిదేసి, ముగ్గురికి మించకుండా ఒక్కొక్క బిడ్డకు పన్నెండు. మొదట 85 పాయింట్లు ఉన్న వారికే ప్రయాణం దొరికింది. ఆ లెక్కలో భార్యకు ఒక్క పాయింటు కూడా లేదు. 1946 జనవరిలో మనీలా వీధులలో వేలాదిమంది అమెరికన్ సైనికులు తమను ఇళ్లకు పంపమంటూ ఊరేగారు. అదే నెలలో కరాచీ మొదలుకొని సింగపూరు వరకు బ్రిటిష్ వైమానిక సిబ్బంది పనులు ఆపేశారు.

అలా నోరు తెరిచి అడిగే చనువు మన సిపాయికి లేదు. అతనికున్నది ఉత్తరం ఒక్కటే, అదీ పూర్తిగా తనది కాదు. యుద్ధకాలంలో ప్రతి ఉత్తరాన్నీ సెన్సారు అధికారి చదివేవాడు. రాయడం రాని వాడు తోటి సిపాయి చేత రాయించేవాడు. ఊరు చేరిన తరువాత దానిని పోస్టు జవానో, బడిపంతులో అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. పెళ్లామా, నువ్వు గుర్తొస్తున్నావు అన్న మాట ఇన్ని చెవులు దాటి ఎలా వెళుతుంది? కనుక ఉత్తరం తండ్రి పేరనే వెళ్లేది: 'తండ్రిగారి పాదములకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.' ఆ తరువాత వానలు, పాడి, పంట, మనియార్డరు అందినదీ లేనిదీ. చిట్టచివర, 'ఇంటి దగ్గర అందరినీ అడిగానని చెప్పవలెను.' ఆ 'అందరినీ' అన్న మాటలో తన వాటా ఎంతో తలుపు చాటున నిలబడి విన్న ఇల్లాలికి తెలుసు.

నా చిన్నతనంలో మా వీధిలో ఒక మామ్మగారు ఉండేవారు. ఆమె భర్త యుద్ధంలో లారీ డ్రైవరు. బర్మాలో పని చేసి, యుద్ధం ముగిశాక జావా వెళ్లారు. లోతట్టు ఊళ్లలోని శిబిరాలలో మూడేళ్లపాటు జపాను వారి నిర్బంధంలో మగ్గిన డచ్చి ఆడవాళ్లనూ పిల్లలనూ రేవులకు చేర్చడం అక్కడ ఆయన పని. ఎవరి భార్యాబిడ్డలనో వాళ్ల వాళ్ల మనుషుల దగ్గరకు చేరుస్తూ, దారిలో ఏ గుట్ట వెనుక నుంచి తూటా వస్తుందోనని చూసుకుంటూ ఆయన బండి నడిపేవారట. తరువాత ఎన్నో ఏళ్లకు ఆయన చెప్పగా తెలిసిన సంగతులివి. అప్పట్లో వచ్చిన ఉత్తరాలలో ఇవేవీ లేవు.

ఒక ఉత్తరంలో మాత్రం వానల సంగతికీ ఆవు ఈనిన సంగతికీ మధ్య ఒక వింత వాక్యం వచ్చింది. 'పడమటింటి తలుపు మడతబందులకు ఆముదం వేయించవలెను.' పంతులుగారు చదివి ఆగారు. మామగారికి అర్థం కాలేదు. సముద్రాల అవతల ఉన్నవాడికి తలుపు గొడవ ఎందుకని ఆయన ఆశ్చర్యపోయారు. చాటున నిలబడిన కోడలికి మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ఆ ఇంటిలో కొత్త దంపతులకు ఇచ్చిన గది పడమటిల్లు. రాత్రిపూట ఎంత మెల్లగా వేసినా ఆ తలుపు కిర్రుమని ఇల్లంతా వినిపించేది. దానికి ఆముదం వేస్తానని ఆయన సెలవులో ఉన్న నెల రోజులూ అంటూనే ఉండి, వేయకుండానే రైలెక్కారు. సెన్సారు చదివినా, పంతులు చదివినా, ఊరంతా విన్నా అర్థమయ్యేది ఒక్క మనిషికే. "ఆ ఉత్తరం మొత్తంలో ఆ ఒక్క ముక్కే నాకు రాశారమ్మా" అని ఆమె మా అమ్మతో అనడం నేను విన్నాను.

ఆమెకు కనీసం ఉత్తరం వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినప్పుడు 40,000కు పైగా భారత సైనికులు జపాను వారికి చిక్కారు. వారిలో చాలామంది ఇళ్లకు మూడేళ్లకు పైగా ఏ కబురూ సరిగ్గా అందలేదు. మనిషి ఉన్నాడని బొట్టు పెట్టుకోవాలో, లేడని తుడుచుకోవాలో తెలియక ప్రతి ఉదయం అద్దం ముందు నిలబడిన ఆడవాళ్ల గురించి ఏ సైనిక చరిత్రలోనూ నేను చదవలేదు. యుద్ధంలో వాళ్లు మోసిన బరువు లెక్కకు రాకుండానే పోయిందని నా బాధ.

తలుపు సంగతి రాసిన ఆ ఉత్తరం వచ్చిన మరునాడే మామ్మగారి మామగారు వడ్రంగికి కబురు పెట్టబోయారు. ఆమె అత్తగారి చేత చెప్పించి ఆపించింది. ఆయన వచ్చాక చూసుకుంటారు, అంతవరకు అలాగే ఉండనివ్వండి అంది. తరువాత ఏడాదికి పైగా ప్రతి రాత్రీ ఆ తలుపు వేస్తూ ఆ కిర్రుమనే చప్పుడు వినేదట.

1946 చలికాలంలో ఒక రాత్రి, మద్రాసులో ఓడ దిగి, నిడదవోలులో రైలు దిగి, తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఆయన ఊరు చేరారు. తల్లీ తండ్రీ ఏడ్చారు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. అందరూ లేచి వెళ్లి, దీపం తగ్గించి, ఆయన పడమటింటి తలుపు తోసేసరికి బాగా రాత్రయింది. నాలుగేళ్ల తరువాత భార్యతో ఆయన అన్న మొదటి మాట, "ఇంకా ఆముదం వేయించలేదూ?"